పైడయ్య నోరు మూశాడు

విశాఖపట్నం,
21-8-83, ఆదివారం

ప్రియమైన రత్నం అక్కకి,

భవాని నమస్కారాలు. మీరు రిటైరై నరసాపురం వెళ్ళిపోయాక వార్డులో అడుగుపెడితే నా చూపు ముందు మీ కుర్చీ మీదకే పోతోంది. ఇప్పుడు అందులో నన్నే కూర్చోమన్నారు. మగవాళ్ళ సర్జికల్ వార్డుకి ఇన్‌ఛార్జి సిస్టరునట! పేరు పెద్దదైంది గానీ చేతులు రెండే కదా. ఉన్నవాళ్ళలో ఒకమ్మాయి పెళ్ళి సెలవులో ఉంది, ఇంకొకామెకి జ్వరం. గాలి ఓడరేవు వైపు నుంచి తిరిగి, ఇనప దుమ్ము పడి, ఉతికించిన దుప్పట్లన్నీ మళ్ళీ ఎర్రబడ్డాయి. సరిగ్గా ఇవాళే ఆసుపత్రి కమిటీవాళ్ళు వార్డు చూడ్డానికి వచ్చారు.

దానికి తోడు నిన్న సాయంత్రం చేరిన పైడయ్య ఒకడు. పరవాడ పక్క పల్లెటూరివాడు. కాంట్రాక్టరు దగ్గర లారీ మీంచి ఇనప గొట్టాలు దింపుతుంటే ఒకటి దొర్లి కాలి మీద పడింది. మోకాలి కింద ఎముక విరిగితే పెద్ద డాక్టరుగారు సరిచేసి తొడదాకా పిండికట్టు వేశారు. పొద్దున్నుంచీ ఒకటే గోల. "సిస్టరమ్మా, కట్టు బిగిసిపోతంది. ఓపాలొచ్చి సూడండమ్మా" అని. డ్యూటీ డాక్టరు కామరాజుగారిని పిలిస్తే ఆయన గుమ్మంలోంచే చూసి, "విరిగిన కాలు నొప్పెట్టక ఏం చేస్తుంది? ఇంజెక్షన్ ఇచ్చి, కాలు ఎత్తులో పెట్టండి" అన్నారు. అలాగే చేశాను. కాసేపైనా ఆగలేదు. మళ్ళీ మొదలు.

కమిటీవాళ్ళు మెట్లెక్కుతున్నారని తెలిసి ఇక నేనే వెళ్ళి కేకలేశాను. "మగాడివి కాదూ? పక్క మంచం తాతకి తుంటి విరిగింది, నోరెత్తాడా? ఇంకోసారి అరిచావంటే నీ మంచం వరండాలో వేయిస్తాను" అన్నాను. వాళ్ళావిడ అసిరమ్మ తల వంచుకుంది. ఆ మందు బాగా పనిచేసిందక్కా! అప్పట్నుంచీ చడీ చప్పుడూ లేదు. మొహం మీద తువ్వాలు కప్పుకుని పడుకున్నాడు. కమిటీవాళ్ళు వార్డు ఎంత ప్రశాంతంగా ఉందో అని మెచ్చుకుని వెళ్ళారు. మీకు ఈ నాలుగు ముక్కలు రాసే తీరిక దొరికిందీ అందుకే.

బావగారికి షుగరు ఎలా ఉంది? దొంగతనంగా బెల్లం తినడం మానేశారా లేదా?

మీ చెల్లెలు
భవాని


నరసాపురం,
24-8-83

ప్రియమైన భవానీకి,

మిగతా కబుర్లు తర్వాత. నీ ఉత్తరం ఇప్పుడే అందింది. బావగారిని తంతి ఇవ్వమని పోస్టాఫీసుకి తరిమి, ఈ ముక్క రాస్తున్నాను.

ఆ పైడయ్య కాలివేళ్ళు చూశావా? కట్టు కింద నుంచి బయటికి కనిపించేవి. ఉబ్బాయా? చల్లబడ్డాయా? గోరు నొక్కి వదిలితే ఎరుపు తిరిగి వస్తోందా? వేలు పట్టుకుని మెల్లగా పైకి వంచితే ఏమంటున్నాడు? ఇంజెక్షన్‌కి కూడా లొంగని నొప్పి మామూలుగా ఎముక విరిగిన నొప్పి కాదు. లోపల కాలు వాచి, కట్టు వాయనీయక, నెత్తురు ఆగిపోతూ ఉండొచ్చు. నీ ఉత్తరంలో వాటి గురించి ఒక్క మాట లేదు. అంత అరిచినవాడు ఉన్నట్టుండి ఎందుకు ఊరుకున్నాడో కూడా లేదు.

నా కంగారు ఉత్తదే కావాలని మొక్కుకుంటున్నాను. అయితే నన్ను తిట్టుకో. వెంటనే జవాబు రాయి.

నీ
రత్నం అక్క


విశాఖపట్నం,
29-8-83

ప్రియమైన రత్నం అక్కకి,

మీ తంతి బుధవారం మధ్యాహ్నం అందింది. ఆ పొద్దున్నే పైడయ్య కాలు తీసేశారు.

ఈ మాట రాయడానికి ఇన్నాళ్ళు పట్టింది.

సోమవారం పొద్దున పెద్ద డాక్టరుగారు రౌండ్సుకి వచ్చి దుప్పటి తీశారు. వేళ్ళు నల్లగా, నేరేడు పళ్ళలా ఉన్నాయి. ఆయన ముట్టుకుని, "ఎప్పట్నుంచి ఇలా ఉంది?" అని నన్ను అడిగారు. ఆదివారం నేను అతని మొహం చూశాను, తువ్వాలు చూశాను, చుట్టుపక్కల జనం చికాకు చూశాను. కాలు మాత్రం చూడలేదు. కట్టు కోసి లోపల కండ కూడా చీల్చారు. ఆ కండలో చలనం లేదు. రెండు రోజులు చూసి, విషం పైకి పాకుతోందని మోకాలి కింద తీసేశారు. ఆపరేషన్ గది బయట అసిరమ్మ పక్కన నిలబడ్డాను. ఏం చెప్పాలో తెలియక, "బానే చేస్తున్నారు" అన్నాను. ఆ మాట ఎందుకన్నానో నాకే తెలీదు.

అక్కా, నాకు ఇది తెలియక కాదు. మీరు పాఠం చెప్పిందే. పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. వేలు పట్టుకుని చూడ్డానికి ఒక్క నిమిషం చాలు. డాక్టరు గుమ్మంలోంచే వెళ్ళిపోయినప్పుడు, 'లోపలికి రండి సార్, ఒకసారి ముట్టుకుని చూడండి' అని అనొచ్చు. ఆయన రాకపోతే పెద్ద డాక్టరుగారి ఇంటికి ఫోన్ చెయ్యొచ్చు. పోయినసారి అలా చేస్తే 'ఇంతమాత్రానికేనా' అని చివాట్లు పెట్టారు. అది గుర్తొచ్చి మానేశాను. నిజం చెప్పాలంటే అంతదూరం ఆలోచించనే లేదు. వీడు ఓర్చుకోలేని మనిషి అని నేనే తీర్పు చెప్పేశాను. ఆ తర్వాత అతను ఏమన్నా నాకు గోలలాగే వినిపించింది.

పెద్ద డాక్టరుగారితో జరిగింది చెప్పాను. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ, "దెబ్బ పెద్దది. అప్పుడప్పుడు ఇలా జరుగుతుంది. బయట మాట్లాడకండి" అన్నారు. కామరాజుగారు రెండు రోజులుగా నా కళ్ళలోకి చూడటం లేదు, నేనూ ఆయన కళ్ళలోకి చూడటం లేదు.

పైడయ్య నన్ను చూసినప్పుడల్లా చేతులెత్తి దండం పెడుతున్నాడు.

భవాని


నరసాపురం,
4-9-83

ప్రియమైన భవానీకి,

నీ ఉత్తరం చదివి లోపలికి వెళ్ళి పడుకున్నాను. బావగారు అన్నం తినమని పిలిచినా లేవలేదు.

నీ తప్పేం లేదని రాయను. రాసినా నువ్వు నమ్మవు. కానీ ఒక మాట వినాలి. 'మగాడివి కాదూ, పక్కవాడు నోరెత్తాడా' అని నువ్వన్నావే, ఆ మాట నీది కాదు, నాది. నా నోటి నుంచి నువ్వెన్నిసార్లు విన్నావో గుర్తు తెచ్చుకో. పెద్ద డాక్టర్లు వచ్చే వేళకి సూది కింద పడితే వినిపించేంత నిశ్శబ్దంగా ఉండాలి వార్డు అని మీకందరికీ నూరిపోశాను. ఎవరైనా మూలిగితే నాకు తలవంపులుగా ఉండేది. దుప్పటి అంచులు తిన్నగా ఉన్నాయో లేదో చూసేదాన్ని. కాలివేళ్ళ పాఠం మీకు ఒక్క రోజే చెప్పాను, నిశ్శబ్దం పాఠం రోజూ చెప్పాను. మనిషికి రోజూ చెప్పిందే వంటబడుతుంది. నీ పక్కన నేనూ నిలబడాలి. ఇక్కడ కూర్చుని ఏం లాభం?

ఇక నిన్ను ఒకటి అడుగుతున్నాను. పైడయ్యకి చెప్పావా? డాక్టరుతో చెప్పానని రాశావు. కాలు పోయింది డాక్టరుది కాదు. అతను నీకు దండం పెడుతుంటే నువ్వు తీసుకుంటున్నావు. అది ఎలా సహిస్తున్నావో నాకు అర్థం కావడం లేదు.

కటువుగా రాశాను. నువ్వు నా దగ్గర పెరిగిన పిల్లవి కాబట్టే రాశాను.

నీ
రత్నం అక్క


విశాఖపట్నం,
18-9-83

ప్రియమైన రత్నం అక్కకి,

చెప్పాను.

సాయంత్రం చూడవచ్చేవాళ్ళు వెళ్ళిపోయాక స్టూలు వేసుకుని అతని మంచం పక్కన కూర్చున్నాను. అసిరమ్మ గ్లాసులో టీ చల్లారుస్తోంది. మొదటి మాట రావడమే కష్టమైంది. ఆదివారం నీ కాలివేళ్ళు నేను చూసి ఉండాల్సింది పైడయ్యా, చూడలేదు, చూసి వెంటనే కట్టు కోయించి ఉంటే కాలు దక్కేదేమో అన్నాను. ఆ 'ఏమో' ఎందుకు కలిపానో! నన్ను నేను కాపాడుకోడానికే.

అతను మెల్లగా, "అంతా మీ తప్పేటమ్మా? నాను కూడా గట్టిగా సెప్పనేదు కదా" అన్నాడు.

"నువ్వు పొద్దున్నుంచీ చెప్తూనే ఉన్నావు కదా?"

"మీరు తిట్టినాక సెప్పనేదు. మీకు కోపమొత్తే మందియ్యరని మా ఇంటిది బయపడిపోనాది. 'నోరు మూసుకోయ్యా, సిస్టరమ్మతో ఎందుకొచ్చిన గొడవ' అన్నాది. అందికని తువ్వాలు నోట్లో కుక్కుకున్నాను. కొరికీసి కొరికీసి దవడలు లాగీసినాయి. దీపాలెట్టే యేలకి కాలు మొద్దుబారిపోనాది. నొప్పే తెల్దు. ఓలమ్మ, తగ్గిపోనాది, సిస్టరమ్మ సెప్పిందే నిజిం, ఓర్సుకుంటే తగ్గిపోద్ది అనుకున్నాను. నవ్వుకున్నాను కూడా."

అక్కా, ఆ ఆదివారం నేను మీకు ఉత్తరం రాస్తున్నంతసేపూ అతను నాకు కనిపించేంత దూరంలోనే తువ్వాలు కొరుకుతూ ఉన్నాడు.

అతను ఇంకా ఏదో అంటున్నాడు. లేని పాదానికి దురద పెడుతోందనీ, గోక్కోడానికి చెయ్యి పోతే అక్కడ పరుపు తగులుతోందనీ. కోపం లేదు అతని గొంతులో. తనే నాకేదో ఇబ్బంది కలిగించినట్టు, "సెమించండమ్మా, నానే సరిగ్గా సెప్పుకోనేకపోనాను" అన్నాడు. నేను తల పైకెత్తలేకపోయాను.

అసిరమ్మ టీ గ్లాసు కింద పెట్టింది. "నాను నోరు మూయించీసినాను ఈయన్ని. నీ కోపం సూసి" అంది. ఏడవలేదు. "నువ్వింక ఎల్లు. ఈయనకి మందు ఇంకోలు ఎవులైనా ఇత్తారు. నువ్వు రాకు" అంది. లేచి వచ్చేశాను.

మర్నాడు రాజీనామా ఇచ్చాను. సూపరింటెండెంటుగారు ఇంకా పైకి పంపలేదు. విజయనగరం దగ్గర మా ఊరు వెళ్ళిపోతాను. మా అన్నయ్య పొలంలో నాట్లకి మనిషి కావాలంటాడు. నాటు తప్పువేస్తే మొక్క వాలుతుంది, అంతే కదా.

భవాని


నరసాపురం,
25-9-83

ప్రియమైన భవానీకి,

వెళ్ళాలనుకుంటే వెళ్ళు. కానీ పైడయ్య కోసం వెళ్తున్నానని మాత్రం అనుకోకు. నువ్వు నాట్లు వేస్తే అతనికేం ఒరుగుతుంది? ఆ వార్డులోకి రేపు ఇంకో అమ్మాయి వస్తుంది. నేను నేర్పిన నిశ్శబ్దం ఆమెకీ ఎవరో నేర్పుతారు. తువ్వాలు కొరుక్కున్న మనిషిని చూసినదానివి నువ్వొక్కదానివే.

అసిరమ్మ రావద్దంది, ఆ మంచం దగ్గరికి వెళ్ళకు. ఆమె అన్నది న్యాయమే. మిగతా మంచాల దగ్గరికి వెళ్ళు. ప్రతి కట్టు కింద వేళ్ళు ముట్టుకో. ఎవరైనా అరిస్తే దగ్గరికి వెళ్ళు, ఊరుకుంటే ఇంకా దగ్గరికి వెళ్ళు. నిద్ర పట్టకపోతే నాకు రాయి. నాకూ పట్టడం లేదు.

నీ
రత్నం అక్క


విశాఖపట్నం,
27-5-84

ప్రియమైన రత్నం అక్కకి,

రాజీనామా వెనక్కి తీసుకున్నాక మీకు కార్డులే తప్ప ఉత్తరం రాయలేదు. రాయడానికి ఏం లేక కాదు. రోజూ కట్లు చూస్తున్నాను, వేళ్ళు ముట్టుకుంటున్నాను. కొత్తమ్మాయిలు నన్ను వేళ్ళ సిస్టరని నవ్వుకుంటారు. నవ్వుకోనీ. కానీ ఈ నెలలో జరిగింది మీకు తప్ప ఎవరికీ చెప్పుకోలేను.

పోయిన వారం మధ్యాహ్నం వార్డు గుమ్మంలో అసిరమ్మ నిలబడి ఉంది. వెనక స్ట్రెచర్ మీద ఆమె తమ్ముడు తవిటయ్య. ముంజెలు కొయ్యడానికి తాటిచెట్టు ఎక్కి పడ్డాడు. అదే ఎముక, మోకాలి కింద. గోడ పట్టుకున్నాను.

"ఊళ్ళో ఇంకో ఆసుపత్రి లేదా అసిరమ్మా? ఇక్కడికే ఎందుకు తెచ్చావు?" అన్నాను.

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. "నీకు బయముంది. బయమున్నోల దగ్గిరికే తెచ్చినాను" అంది.

పెద్ద డాక్టరుగారు కట్టు వేసి, ఊరవతల ఏదో పనుందని వెళ్ళారు. నాలుగు గంటల వేళకి తవిటయ్య మొదలుపెట్టాడు, "అక్కా, బిగిసిపోతందే" అని. అక్కడి నుంచి నాకు అతని మాట వినిపించలేదు, పైడయ్య మాటే వినిపించింది. వేళ్ళు ముట్టుకున్నాను. కాస్త ఉబ్బాయి. వెచ్చగానే ఉన్నాయి. కదపమంటే కదిపాడు. కామరాజుగారికి కబురు పెడితే, ఈసారి ఆయన పరుగున వచ్చి, మంచం మీద కూర్చుని, గోళ్ళు నొక్కి, వేళ్ళు వంచి, నిదానంగా చూశారు. పోయిన ఏడు ఆయనకీ మరపు రాలేదు మరి. "ఇది విరిగిన నొప్పే సిస్టర్. గంట గంటకీ చూద్దాం. తేడా వస్తే నేనే కోస్తాను" అన్నారు.

ఆయన అటు వెళ్ళారు. తవిటయ్య మళ్ళీ అరిచాడు. నేను కట్టు కోసే కత్తెర తెచ్చి పైనుంచి కిందిదాకా చీల్చేశాను.

అప్పుడు ఎముక పక్కకి జరిగింది. ఆ చప్పుడు నాకు వినిపించింది. అతను పెట్టిన కేకకి కింది అంతస్తులోంచి జనం వచ్చారు. సాయంత్రం పెద్ద డాక్టరుగారు వచ్చి చూసి, కాలికి నెత్తురు బాగానే అందుతోందనీ, కట్టు విప్పాల్సిన అవసరమే లేదనీ అన్నారు. మర్నాడు మత్తిచ్చి మళ్ళీ ఎముక సరిచేయాల్సి వచ్చింది. డాక్టరు చెప్పకుండా ఏ కట్టూ ముట్టుకోకూడదని నాకు మెమో ఇచ్చారు. న్యాయమే. నేను కోసింది తవిటయ్య కట్టు కాదక్కా. అతని వేళ్ళు నా చేతిలో వెచ్చగా ఉన్నాయి, అయినా నమ్మలేదు. అప్పుడు ఒక మనిషి కాలు చూడకుండా చెడగొట్టాను. ఇప్పుడు చూసి కూడా ఇంకొకడి కాలు అనుకున్నాను. ఒక తప్పు దిద్దుకోబోయి ఇంకో మనిషిని ఏడిపించాను.

రెండోసారి కట్టు వేసిన రోజు మధ్యాహ్నం మందుల గది బయట నిలబడి ఉన్నాను. వార్డులోకి వెళ్ళడానికి మొహం చెల్లలేదు. అసిరమ్మ వెతుక్కుంటూ వచ్చింది. తిట్టడానికే వచ్చిందనుకున్నాను. తిట్టాలనే కోరుకున్నాను.

"మల్లీ నొప్పెడతందంట. రా, సూడు" అంది.

"నన్నెందుకు పిలుస్తావు? నిన్న చూశావు కదా ఏం చేశానో. డాక్టరుగారికి కబురు పెడతాను."

"ఆయనకీ ఎట్టు. నువ్వూ రా."

"నా మీద నాకే నమ్మకం లేదు."

"నాకు మాత్రం ఉందేటి?" అంది. "మా ఆయన కాలు తలుసుకుంటే ఇప్పటికీ నీ మొకం సూడబుద్దెయ్యదు. నాను నోరు మూయించినానని నా మొకమూ నాకు సూడబుద్దెయ్యదు. అలాగని ఈడినొగ్గేత్తామా? రా."

వెళ్ళాను. తవిటయ్య చెమటలు కక్కుతూ మంచం చువ్వ పట్టుకుని ఉన్నాడు. అతని మొహం చూశాను, ముప్పై ఏళ్ళు కూడా ఉండవు, గడ్డం మీద పుట్టుమచ్చ. అప్పటిదాకా ఆ మచ్చ నేను గమనించనే లేదు. కాలి దగ్గర కూర్చున్నాను. బొటనవేలి గోరు నొక్కి వదిలాను. తెల్లబడింది, మళ్ళీ ఎర్రబడింది. వెచ్చగా ఉంది. వేలు పైకి వంచాను. మూలిగాడు గానీ గిలగిల్లాడలేదు. "ఎక్కడ నొప్పి?" అంటే సరిగ్గా విరిగినచోటే వేలు పెట్టి చూపించాడు. ఇంజెక్షన్ ఇచ్చాను. మెల్లగా పిడికిలి వదిలాడు. కళ్ళు మూతలు పడ్డాయి. ఊరుకున్నాడు కదా అని లేవలేదు, మళ్ళీ వేళ్ళు చూశాను. మళ్ళీ ఎర్రబడింది గోరు.

చెయ్యి దానంతటదే కత్తెర ఉన్నవైపు పోబోయింది. దాన్ని ఆపడం ఎంత కష్టమైందో ఎలా రాయను?

"బానే ఉంది అసిరమ్మా. ఇది ఎముక నొప్పి. కోయక్కర్లేదు" అన్నాను.

"నిజింగా?"

"నిజంగా."

కామరాజుగారు కూడా వచ్చి చూసి అదే అన్నారు. అసిరమ్మ ఆయన మాట విని తలూపింది గానీ, కళ్ళు నా మీదే ఉన్నాయి. ఆయన వెళ్ళాక స్టూలు నా వైపు కాలితో తోసింది.

"సెప్పేసి ఎల్లిపోకు. కూకో" అంది.

కూర్చున్నాను. సాయంత్రందాకా మధ్యమధ్యలో నేను వేళ్ళు పట్టుకుని చూసినప్పుడల్లా ఆమె కూడా వంగి, తన వేలితో అదే గోరు నొక్కి చూసింది.

మీ చెల్లెలు
భవాని